ఎనిమిదీ పన్నెండుకి వినబడ్డ పిలుపు

నా బల్ల మీదికి వచ్చిన దెయ్యాల వార్త ఒక్కటి కూడా పేజీ ఎక్కలేదు. రాజమండ్రిలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పద్నాలుగేళ్ళు పనిచేశాను. అమావాస్య దగ్గర పడిందంటే ఏదో ఒక ఊరి విలేకరి నుంచి, పాడుబడ్డ బంగళాలో గజ్జెల చప్పుడంటూ కవరు వచ్చేది. నేను మూడు ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఎవరు విన్నారు? ఎన్ని గంటలకి విన్నారు? ఇంకెవరితోనూ మాట్లాడకముందే ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా? చాలా దెయ్యాలు రెండో ప్రశ్న దగ్గరే పారిపోయేవి. మూడోది దాటిన దాన్ని నేను చూడలేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఆ మూడు ప్రశ్నలూ దాటింది. దీన్ని దెయ్యం కథ అనడానికి కూడా వీల్లేదు. ఇందులో చనిపోయినవాళ్ళు ఎవరూ లేరు.

మేముండేది షికాగో పక్కన నేపర్‌విల్‌లో. నా భార్య పద్మ ఆసుపత్రిలో ఫార్మసిస్టు. నేను వారానికి రెండు రోజులు రైలెక్కి సిటీకి వెళ్ళి ఒక చిన్న ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతాను. మాకు ఒక్కతే కూతురు, అన్విత. అది పుట్టినప్పుడు సాయానికని వచ్చిన మా అత్తగారు మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. దాన్ని పెంచింది నిజానికి ఆవిడే.

అన్వితని స్నేహితులు ఆనీ అంటారు. మేము అన్విత అంటాం. అత్తయ్యగారు మాత్రం సుబ్బులు అంటారు. అది వాళ్ళమ్మ పేరు. స్కూలు బస్సు వచ్చేవేళకి వాకిట్లో నిలబడి, చివరి అక్షరాన్ని పైకి లాగి "సుబ్బులూ!" అని కేకేసేవారు. బస్సులో పిల్లలందరూ అదే రాగంలో పాడేవాళ్ళట. ఐదో తరగతిలో ఒకరోజు అది ఏడుస్తూ వచ్చి, "అమ్మమ్మా ప్లీజ్, బస్ దగ్గర మాత్రం సుబ్బులు వద్దు" అంది.

"మా అమ్మ పేరే అది. సిగ్గెందుకే?" అన్నారావిడ. మర్నాడు ఇంకాస్త గట్టిగా పిలిచారు.

ఆ పేరుతో దాన్ని పిలిచే మనిషి ప్రపంచంలో ఇంకొకరు లేరు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

రెండేళ్ళ కిందట ఆకులు రాలే రోజుల్లో అత్తయ్యగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. వాటితోపాటు మాట కూడా పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, నోరు మాత్రం రాదు. స్పీచ్ థెరపిస్టు ఒక నోటుబుక్కు ఇచ్చి, ఆవిడ ఏ శబ్దం చేసినా టైము వేసి రాయమంది. రాసే పని నేను తీసుకున్నాను; నేను సిటీకి వెళ్ళే రోజుల్లో ఇంటికొచ్చే నర్సు రాసేది. నెలల తరబడి అందులో ఉన్నవి "ఊఁ", "ఆఁ", "దగ్గు కావచ్చు". అంతకు మించి ఏమీ లేదు.

అన్విత చదువు నిరుడు మే నెలలో అయింది. సెప్టెంబరులో పడమటి ఒడ్డున ఉన్న ఫ్రీమాంట్‌లో ఉద్యోగంలో చేరాలి. ఈలోగా ఆరు వారాలు వియత్నాం వెళ్తానంది. ఒక్కర్తే, వీపున ఒక సంచీతో, కింద సముద్రం ఒడ్డు నుంచి పైన కొండ ఊళ్ళదాకా. నేను సరేనన్నాను. పద్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ వారమే తెలిసినవాళ్ళింట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. పులిహోర వడ్డించుకుంటుంటే ఒకావిడ అడిగింది. "ఒక్కదాన్నీ పంపిస్తున్నారట, నిజమేనా అన్నయ్యగారూ? అదేమైనా డిస్నీకి వెళ్ళే ఆర్లాండోనా?"

"మేం పంపడం లేదండీ. అదే వెళ్తోంది" అన్నాను.

తిరిగి వస్తూ కార్లో పద్మ అంది. "అక్కడ గొప్పగా చెప్పారు. దానికేమైనా అయితే నాకు సమాధానం చెప్పాల్సింది మీరే. గుర్తుంచుకోండి."

గుర్తుంచుకున్నాను. ఆ ఆరు వారాలూ అది నా మెడలో గంటలా వేలాడింది.

అన్వితకి నేను ఒక్క షరతు పెట్టాను. విలేకరులు పంపినట్టు రోజూ ఒక డిస్పాచ్ పంపాలి. రాసి అయినా సరే, వాయిస్ మెసేజ్ అయినా సరే. ఎక్కడున్నావు, ఎవరితో మాట్లాడావు, ఎన్ని గంటలకి ఏం జరిగింది. చూడనిది చూశానని చెప్పకూడదు. "అమేజింగ్" అనే మాట వాడకూడదు.

"అది లేకపోతే నా సెంటెన్స్‌లో ఇంకేం ఉంటుంది నాన్నా?" అంది నవ్వుతూ.

బయల్దేరే రోజు తప్పు నేనే చేశాను. అది సంచీ తగిలించుకుని వాకిలి దాటి కారు దగ్గరికి వెళ్తోంది. చార్జరు సోఫా మీద కనబడింది. "అన్వితా! చార్జర్!" అని అరిచాను. అంతే, లోపల అత్తయ్యగారి కుర్చీ చేతి మీద దబదబా చప్పుడు. ఎడమ చేత్తో కొడుతున్నారు. మొహం ఎర్రబడిపోయింది.

ప్రయాణమై గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే. పిలిస్తే ఆ మనిషి వెనక్కి వచ్చి, కూర్చుని, నాలుగు గుక్కలు మంచినీళ్ళు తాగి, అప్పుడు మళ్ళీ బయల్దేరాలి. నేను ఇవన్నీ నమ్మను. అందుకే మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు. ఎడమ చేత్తో పక్కనున్న గ్లాసు ఎత్తి, వాకిలి వైపు చాపి పట్టుకున్నారు.

అన్విత వెనక్కి వచ్చింది. సంచీ విప్పకుండానే నేలమీద చతికిలబడి, ఆ గ్లాసులో నీళ్ళు ఆఖరి చుక్క దాకా తాగింది. "హ్యాపీనా అమ్మమ్మా?" అంది. ఆవిడ దాని తల మీద చెయ్యి వేశారు. ఫ్లైటుకి లేటవుతోందని నేను మనసులో విసుక్కున్నాను.

డిస్పాచులు రావడం మొదలైంది. మొదటివి చప్పగా ఉన్నాయి. వారం గడిచేసరికి మారాయి. క్వీ న్యోన్ అనే ఊరి బీచ్ నుంచి పంపినది నేను మూడుసార్లు విన్నాను. "నాన్నా, ఇక్కడ బోట్స్ రౌండ్‌గా ఉంటాయి. పెద్ద బాస్కెట్ లాగా, బాంబూతో. పొద్దున్నే ఐదింటికి చేపలు సార్ట్ చేసేవాళ్ళంతా ఆడవాళ్ళే. ఒకావిడకి హెల్ప్ చేశాను. నేను స్లో అని తిట్టింది. లాంగ్వేజ్ తెలీదు కానీ తిట్టు అని తెలిసింది. అమ్మమ్మ టోన్."

నా జన్మలో విలేకరుల కాపీలు ఎన్నో దిద్దాను. ఇందులో నేను కలం పెట్టాల్సిన చోటు కనబడలేదు. రైల్లో పక్కనున్నాయనకి ఫోను చూపించి "మా అమ్మాయి" అన్నాను. ఆయనకి తెలుగు రాదు. అయినా చూపించాను.

సముద్రం అయ్యాక అది ఉత్తరాన కొండల మీదికి వెళ్ళింది. సాపా అనే ఊరు, దాని చుట్టూ మెట్లు మెట్లుగా వరి చేలు, మబ్బులు. అక్కడ లోటె అనే డచ్ అమ్మాయి కలిసింది. ఇద్దరూ కలిసి కొండదారిలో ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకి నడవాలనుకున్నారు. దారి చూపించడానికి మై అనే స్థానికురాలు. నలభై దాటిన మనిషి, వీపున బుట్ట, కాళ్ళకి రబ్బరు బూట్లు. ఇది ముందురోజు డిస్పాచ్‌లో వచ్చిన సమాచారం. వానలు పడుతున్నాయని కూడా చెప్పింది. ఆ ముక్క నేను పద్మకి చెప్పలేదు.

ఇక ఆ సాయంత్రం.

వేసవిలో మాకూ వియత్నాంకీ సరిగ్గా పన్నెండు గంటల తేడా. మా గోడ గడియారమే దాని గడియారం. మా సాయంత్రం ఎనిమిది, దానికి మర్నాటి పొద్దున్న ఎనిమిది. జూలైలో ఇక్కడ ఎనిమిదింటికి ఇంకా వెలుతురు ఉంటుంది. పద్మ డ్యూటీలో ఉంది. అత్తయ్యగారిని పెరట్లో చెక్కతో కట్టిన డెక్ మీద కుర్చీలో కూర్చోబెట్టి నేను గోంగూర మొక్కలకి నీళ్ళు పెడుతున్నాను. కంచె అవతల మా పొరుగాయన గ్రెగ్ గ్రిల్ మీద ఏదో కాలుస్తున్నాడు. రిటైరైన మెయిల్‌మాన్, మంచివాడు.

"సుబ్బులూ!"

చేతిలో పైపు అలాగే ఉంది. నీళ్ళు నా చెప్పుల మీద పడుతున్నాయి. వెనక్కి తిరిగేలోగా మళ్ళీ, "సుబ్బులూ!" స్కూలు బస్సు రోజుల్లోలాగే, చివరి అక్షరం పైకి లాగి. ఆ గొంతు నేను అప్పటికి పది నెలలుగా వినలేదు.

అత్తయ్యగారు కుర్చీలో ముందుకి వంగి ఉన్నారు. చూపు పెరటి చివరన ఉన్న మేపుల్ చెట్టు వైపు. అక్కడ ఎవరూ లేరు. పక్క బల్ల మీది గ్లాసుని ఎడమ చేత్తో ఎత్తి, ఆ వైపుకి చాపి పట్టుకున్నారు. దాహమేమో అనుకుని పరిగెత్తి వెళ్ళి గ్లాసు నోటికి అందించబోయాను. పెదాలు బిగించేశారు. నా చెయ్యి తోసేసి మళ్ళీ చాపారు. చెయ్యి దించలేదు. ఎంతసేపు అంటే కచ్చితంగా చెప్పలేను. గ్రెగ్ గ్రిల్ మూత ఒకసారి వేసి తీసినంతసేపు. తర్వాత గ్లాసు తనంతట తానే బల్ల మీద పెట్టి వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

కంచె మీంచి గ్రెగ్ తల కనబడింది. "ఎవరది పిలిచింది? మీ అత్తగారేనా? మాట వచ్చేసిందే!" అన్నాడు ఇంగ్లీషులో. "ఇంతకీ సుబులు అంటే ఎవరు?"

"మా అమ్మాయి" అన్నాను.

అలవాటు ప్రకారం నోటుబుక్కు తీశాను. అందులో ఇప్పటికీ ఉంది. "సా. 8.12. సుబ్బులూ అని రెండుసార్లు. స్పష్టంగా. గ్లాసు చాపారు, తాగలేదు. గ్రెగ్ కూడా విన్నాడు." పద్మకి ఫోన్ చేస్తే ఏడ్చేసింది. అమ్మకి మాట వచ్చిందని సంతోషం. ఆ రాత్రంతా ఇంట్లో పండగే. అయితే ఆవిడ మళ్ళీ నోరు విప్పలేదు.

అన్విత డిస్పాచ్ మర్నాడు పొద్దున్న ఏడున్నరకి వచ్చింది. నేను స్టేషన్ ప్లాట్‌ఫాం మీద రైలు కోసం నిలబడి ఉన్నాను. అది చెప్పినదాన్ని చెప్పినట్టే ఇస్తున్నాను.

"నాన్నా, టుడేస్ డిస్పాచ్. ఫస్ట్, ఐ యామ్ ఫైన్. పొద్దున్న వాక్ స్టార్ట్ చేశాం. ముందు మై ఆంటీ, తర్వాత నేను, తర్వాత లోటె. ఎవరో నన్ను వెనక నుంచి సుబ్బులు అని పిలిచారు. ట్వైస్. నేను టర్న్ అయ్యాను. లోటె తప్ప ఎవరూ లేరు. లోటెకి ఆ పేరు తెలీదు నాన్నా, ఎవరికీ చెప్పలేదు, ఎందుకు చెప్తాను? నువ్వు నవ్వకు. నేను కూర్చున్నాను. అమ్మమ్మ రూల్. రాయి మీద కూర్చుని వాటర్ తాగాను. లోటె నవ్వి ఫోటో తీసింది. మై ఆంటీ వెనక్కి వచ్చి ఏమైంది అంది. ఎవరో పిలిచారు అన్నాను. ఎవరు అంది. గ్రాండ్‌మదర్ అన్నాను.  ఆంటీ బుట్ట దించి తను కూడా కూర్చుంది. లోటెని కూడా కూర్చోమంది. ఒక దోసకాయ తీసి ముగ్గురికీ కట్ చేసింది. అది తింటుంటే సౌండ్ వచ్చింది. ట్రక్‌లోంచి గ్రావెల్ పోసినట్టు, కానీ ఆగలేదు. తర్వాత నడిచి వెళ్ళి చూశాం. రెండు టర్నింగ్స్ తర్వాత దారి లేదు. కొండ కిందికి వచ్చేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెనక్కి వచ్చేశాం. కూర్చోకపోతే అక్కడ ఉండేవాళ్ళమా అంటే నాకు తెలీదు. అప్పటికి దాటేసి ఉండేవాళ్ళమేమో కూడా. దట్స్ ఆల్."

రైలు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

ముప్ఫై ఏళ్ళ కిందటి డెస్కు మనిషి నాలో లేచి కూర్చున్నాడు. ఇక్కడ జరిగిందేమిటో దానికి చెప్పకూడదు. చెబితే దాని జ్ఞాపకానికి నా జ్ఞాపకం అంటుకుంటుంది. ఇద్దరు సాక్షుల్ని విడివిడిగా కూర్చోబెట్టాలి. పద్మకి కూడా ఫోన్ చేసి, అత్తయ్యగారి సంగతి నేను చెప్పేదాకా అన్వితతో అనొద్దన్నాను. ఎందుకని అడిగితే, "తర్వాత చెప్తాను" అన్నాను. అన్వితకి నాలుగే నాలుగు ప్రశ్నలు పంపాను. ఎన్ని గంటలకి? ఎన్నిసార్లు? గొంతు ఎవరిది? లోటె తీసిన ఫోటో పంపగలవా?

జవాబు వచ్చింది. టైము చూసుకోలేదు, కానీ తను కూర్చున్న రెండు నిమిషాల్లోపే లోటె ఫోటో తీసింది. రెండుసార్లు. అమ్మమ్మ గొంతు, బస్ స్టాప్ గొంతు.

ఫోటో తెరిచాను. తడిసిన కొండదారి, పక్కన వరి మెట్లు. రాయి మీద మా అమ్మాయి, మోకాళ్ళదాకా బురద, నోటి దగ్గర సీసా. కళ్ళు మాత్రం వెనక దారి వైపే ఉన్నాయి. ఫోటో వివరాల్లో టైము 8.14.

అప్పుడు చెప్పాను దానికి. నోటుబుక్కు పేజీని ఫోటో తీసి పంపాను.  తర్వాత, "అమ్మమ్మకి ఫోన్ ఇవ్వు నాన్నా" అని ఒక్క వాక్యం.

వెనక్కి ఇంటికి వెళ్ళి ఆవిడ చెవి దగ్గర ఫోన్ పెట్టాను. అది ఏం చెప్పిందో నేను వినలేదు. ఆవిడ ఒక్కసారి తలూపారు. 

పద్మ డ్యూటీ నుంచి వచ్చి, ముందు వాయిస్ మెసేజ్ వింది. "తండ్రీ కూతుళ్ళు కలిసి కథ అల్లలేదు కదా?" అంది. నేను నోటుబుక్కు చేతికిచ్చాను. తర్వాత ఫోటో చూపించాను. తర్వాత కంచె దగ్గరికి వెళ్ళి గ్రెగ్‌ని తనే అడిగింది. ఆయన చెప్పాడు. వచ్చి వాళ్ళమ్మ వెనక కుర్చీ వేసుకుని కూర్చుని తల దువ్వడం మొదలుపెట్టింది. దువ్వి, జడ వేసి, విప్పి మళ్ళీ వేసింది. నేను పద్మకి సమాధానం చెప్పాల్సిన అవసరం రాలేదు.

దీన్ని ఎన్ని వైపుల నుంచి కొట్టి చూడాలో అన్ని వైపుల నుంచీ కొట్టి చూశాను. థెరపిస్టుని అడిగాను. జీవితమంతా పలికిన పేరు ఒక్కోసారి ఉన్నట్టుండి బయటికి రావడం ఉంటుందనీ, దాన్ని బట్టి మాట తిరిగొచ్చిందని అనుకోకూడదనీ చెప్పింది. ఒప్పుకుంటాను. ఇంటికి దూరంగా, వానలో, కొండల్లో నడిచే పిల్లకి అమ్మమ్మ గొంతు వినబడినట్టు అనిపించడమూ ఉంటుంది. దాన్నీ ఒప్పుకుంటాను. ఈ సగానికి కారణముంది, ఆ సగానికీ ఉంది. రెండు సగాల మధ్య ఉన్న ఆ రెండు నిమిషాలకి మాత్రం నా దగ్గర కారణం లేదు.

నాకు మిగిలింది ఒక గర్వం. అది బతికి బయటపడిందన్నందుకు కాదు, ఆ డిస్పాచ్‌లోని చివరి వాక్యాలకి. "నాకు తెలీదు. దాటేసి ఉండేవాళ్ళమేమో కూడా." అంత జరిగాక, ఇరవై రెండేళ్ళ పిల్ల, చావు తప్పించుకున్నానని ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. పద్నాలుగేళ్ళలో నాకు అలాంటి విలేకరి దొరకలేదు. తోటి మనిషి నవ్వుతుంటే, ఫోటో తీస్తుంటే, రాయి మీద కూర్చుని నీళ్ళు తాగడం కూడా చిన్న సంగతి కాదు. ఐదో తరగతిలో ఆ పేరు విని ఏడ్చిన పిల్లే, ఆ పేరు విని కూర్చుంది.

ఆగస్టు చివర్లో తిరిగొచ్చింది. నల్లబడింది, చిక్కింది, సంచీలోంచి ఒక చిన్న వెదురు బుట్ట తీసి అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది. ఆ పాట్‌లక్ ఆవిడ మా ఇంటికి వచ్చినప్పుడు ఫ్రిజ్ మీద అంటించిన ఫోటో చూసి, "ఇదేంటి, అలిసిపోయి కూర్చుందా?" అంది. "లేదండీ, వాళ్ళమ్మమ్మ కూర్చోమంటే కూర్చుంది" అంది పద్మ. అంతకంటే వివరించలేదు. గొంతులో గొప్ప మాత్రం వినబడింది.

సెప్టెంబరులో ఫ్రీమాంట్ బయల్దేరిన రోజు నేను నోరు గట్టిగా మూసుకుని నిలబడ్డాను. చార్జర్లూ అవీ రాత్రే మూడుసార్లు చూశాను. అన్విత వాకిలి దాటి, కారు దాకా వెళ్ళి, ఆగింది. ఎవరూ పిలవలేదు. అమ్మమ్మ వైపు తిరిగి చూసింది. ఆవిడ ఎడమ చెయ్యి ఊపారు, వెళ్ళమని. అప్పుడు కారెక్కింది.

నోటుబుక్కు ఇప్పటికీ అత్తయ్యగారి కుర్చీ పక్కనే ఉంది, పెన్ను దారంతో కట్టి. ఆ పేజీ తర్వాత పేజీలన్నీ మళ్ళీ "ఊఁ", "ఆఁ". ఆ సాయంత్రం ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు నటించడం నాకు రాదు.

అన్విత ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. ఆఫీస్ సంగతులు, అద్దె సంగతులు అన్నీ అయ్యాక, పెట్టేసేముందు ఒకటే అడుగుతుంది.

"అమ్మమ్మ ఏమైనా అందా నాన్నా?"

"ఏమీ అనలేదమ్మా."

ఒకప్పుడు ఈ మాట చెప్పడానికి మాకు మనసొప్పేది కాదు.

"అయితే ఓకే" అంటుంది అది. "రోడ్డు బాగానే ఉందన్నమాట."